లంకమలలో పక్షులు చూడటం ఎలా: ముళ్లపొదలు, రాతిగుట్టల అడవికి సమగ్ర మార్గదర్శి

కడపలో ఏడింటికి టిఫిన్ చేసి, ఎనిమిదిన్నరకు అడవి అంచుకు చేరి, పదకొండు దాకా తిరిగి “ఇక్కడ పిట్టలే లేవండీ” అని వెనుదిరిగేవాళ్లు చాలామంది. వాళ్లు కారు దిగేసరికే పిట్టలు మేత ముగించుకుని నీడకు చేరి ఉంటాయి.

కొల్లేరులోనో పులికాట్‌లోనో పక్షులు చూసిన అలవాటు ఇక్కడ అక్కరకు రాదు. అక్కడ పిట్ట ఆరుబయట నీళ్లలో నిలబడి ఉంటుంది, బైనాక్యులర్ అటు తిప్పితే చాలు. లంకమలలో పిట్ట పొదలో ఉంటుంది. అది ఏ వేళకు ఎక్కడ బయటికి వస్తుందో లెక్కగట్టి, మనం ముందే వెళ్లి కూర్చోవాలి. కింద చెప్పేదంతా ఆ లెక్క గురించే.

శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం కడప జిల్లాలో సిద్ధవటం, బద్వేలు వైపు దాదాపు 464 చదరపు కిలోమీటర్ల మేర ఉంది. పైన నిటారు రాతికొండలు, మధ్యలో కోనలు, కొండల కాళ్ల దగ్గర కలివి, రేగు, తుమ్మ పొదలు, ఆ తర్వాత బీళ్లు, చేలు. ఈ నాలుగు చోట్లా నాలుగు రకాల పిట్టలుంటాయి. ఒక్క పూటలో నాలుగూ చూడాలనుకుంటే ఏదీ సరిగా చూడలేరు. పూటకు రెండు చోట్లు చాలు.

## 1. మొదట అనుమతి

ప్రజా రహదారి మీద పోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. రోడ్డు దిగి అభయారణ్యంలో అడుగు పెట్టాలంటే మాత్రం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద అనుమతి ఉండాలి. కడపలోని డీఎఫ్‌ఓ (అటవీ శాఖ అధికారి) కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. రెండు వారాల ముందే ఇవ్వడం మేలు.

దరఖాస్తులో రాయాల్సినవి:

- వచ్చేవాళ్లందరి పేర్లు, ఆధార్ నకళ్లు
- తేదీలు, లోపలికి వెళ్లే వేళ, తిరిగి వచ్చే వేళ
- ఏ బీట్ (అటవీ సిబ్బంది గస్తీ తిరిగే ముక్క), ఏ కోన, ఏ దారి అన్నది స్పష్టంగా
- బండి నంబరు, డ్రైవరు పేరు
- కెమెరాలు, లెన్సులు ఎన్ని
- “డ్రోన్ తేవడం లేదు” అన్న ఒక వాక్యం

ఇక్కడ ఇంత పట్టింపు ఎందుకంటే ఇది ఎర్రచందనం అడవి. తెల్లవారుజామున సంచులు తగిలించుకుని పొదల్లో నక్కి నడిచేవాళ్లను చూస్తే సిబ్బందికి మొదట వచ్చే అనుమానం ఏమిటో చెప్పక్కర్లేదు. కాబట్టి అనుమతి కాగితం నకలు ప్రతి ఒక్కరి జేబులో ఉండాలి. బండిలో కొడవలి, గొడ్డలి, రంపం ఉంటే ఇంట్లోనే దించేయండి. దారిలో ఎర్రటి చెక్కపేడు కనబడితే జ్ఞాపకంగా కూడా తీయొద్దు.

అటవీ శాఖ వాచర్ ఒకరిని వెంట ఇమ్మని అడగండి. నీళ్లు ఎక్కడ మిగిలాయో, ఎలుగుబంటి ఏ గుట్ట దగ్గర తిరుగుతోందో యాప్‌లకు తెలియదు, ఆయనకు తెలుసు. ఆయన భోజనం, నీళ్లు మీ లెక్కలోనే వేసుకోండి.

## 2. ఏ నెలలో ఏం దొరుకుతుంది

నవంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి: మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇదే కాలం. వలస పిట్టలు ఉంటాయి, ఎండ భరించగలం, ఉదయం పదిన్నర దాకా చూడొచ్చు. బీళ్ల మీద హ్యారియర్లు (గడ్డి మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరే గద్దలు), కోనల నీడలో ఇండియన్ పిట్టా అనే రంగుల పిట్ట, పొదల్లో వార్బ్లర్లు అనే చిన్న పిట్టలు ఈ నెలల్లోనే. మోదుగ పూసిందంటే ఆ చెట్టు కింద గంటసేపు కూర్చోవచ్చు. తేనెపిట్టలు, గోరింకలు, గుంపులుగా రోజీ స్టార్లింగులు వాటంతటవే వస్తాయి.

మార్చి నుంచి మే మొదటి వారం: ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చూసే వేళ ఉదయం రెండున్నర గంటల సేపుకు మించదు. అయినా నీటి కాపుకు, అంటే నీళ్ల దగ్గర మాటున కూర్చుని ఎదురుచూడటానికి, ఇంతకంటే మంచి కాలం లేదు. వంకలన్నీ ఎండి రెండు మూడు చెలమలే మిగిలినప్పుడు అడవి మొత్తం అక్కడికే వస్తుంది. ఆకు రాలి ఉంటుంది కాబట్టి పిట్ట కనబడటమూ సులువు.

జులై నుంచి సెప్టెంబరు: గడ్డి మొలిచి బీడు పిట్టలన్నీ పాడే కాలం. భరత పక్షులు ఎగిరి పాడటం, పూరేళ్ల కూతలు, చాతకాల అరుపులు వినాలంటే ఇప్పుడే రావాలి. గూళ్లు పెట్టే కాలం కూడా ఇదే కనుక నేల చూసుకుని నడవాలి. లకుముకి పిట్ట, వడ్రంగి పిట్ట ఎక్కడైనా దొరుకుతాయి. బీడు పిట్టల పాట మాత్రం ఏడాదికి ఈ కొన్ని వారాలే.

అక్టోబరు, నవంబరు మొదటి సగం: ఈశాన్య రుతుపవన వానలు. వంక పొంగితే కోనలో చిక్కుకుపోతారు. వెళ్లాలనుకుంటే ముందు రోజు వాచర్‌కు ఫోన్ చేయండి.

## 3. బైనాక్యులర్ సరిచేసుకోవడం

పొదల అడవికి 8×42 (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం వెడల్పు 42 మిల్లీమీటర్లు) సరిపోతుంది. 10× తీసుకుంటే పిట్ట పెద్దగా కనబడే మాట నిజమే, కానీ చేతి వణుకూ అంతే పెద్దదవుతుంది, కనబడే వెడల్పు తగ్గుతుంది. కొమ్మ కొమ్మకూ దూకే పిట్టను 10×తో పట్టుకోవడం కొత్తవాళ్లకు కష్టం. కాంతి విషయంలోనూ తేడా ఉంది. 42ను 8తో భాగిస్తే కంటికి చేరే కాంతి వృత్తం వెడల్పు 5.25 మిల్లీమీటర్లు, 10తో అయితే 4.2. తెల్లవారని మసకలో ఆ ఒక్క మిల్లీమీటరు తేడా కంటికి తెలుస్తుంది.

ఎంత మంచి బైనాక్యులర్ అయినా మీ కళ్లకు సరిచేసుకోకపోతే మసకగానే చూపిస్తుంది. ఇంటి డాబా మీదే ఈ పని ముగించండి.

1. కళ్లద్దాలు ఉంటే కంటి కప్పులు లోపలికి తిప్పండి, లేకపోతే పూర్తిగా బయటికి లాగండి.
2. రెండు గొట్టాలను దగ్గరికి, దూరానికి వంచుతూ రెండు వృత్తాలూ ఒకే వృత్తంగా కలిసేదాకా చూడండి.
3. 30 మీటర్ల దూరంలో అక్షరాలున్న బోర్డు ఎంచుకోండి.
4. కుడి కన్ను మూసి, మధ్య చక్రం తిప్పుతూ ఎడమ కంటికి అక్షరాలు స్పష్టం చేయండి.
5. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. మధ్య చక్రాన్ని ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరి చిన్న రింగు తిప్పి స్పష్టం చేయండి. కొన్ని మోడళ్లలో ఈ రింగు మధ్యలో ఉంటుంది.
6. ఆ రింగు ఏ గుర్తు దగ్గర ఆగిందో చూసుకుని చిన్న టేపు ముక్క అంటించండి. సంచిలో రాపిడికి అది కదలడం మామూలే.

ఇంకో సాధన: పిట్ట మీద నుంచి చూపు తీయకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తేవడం. తల దించి బైనాక్యులర్ వెతుక్కుని మళ్లీ పైకి చూస్తే ఏ కొమ్మో మరిచిపోతాం. కరెంటు తీగ మీది ఏట్రింత (చీలిన తోక నల్లపిట్ట)తో రోజుకు పదిసార్లు చేస్తే వారంలో చేతికి వచ్చేస్తుంది.

## 4. సంచి, బట్టలు

ఇక్కడ బూట్లే మొదటి సామాను. తుమ్మ ముల్లు స్పోర్ట్స్ షూ అడుగును సూటిగా దాటి పాదంలో దిగుతుంది. మందమైన రబ్బరు అడుగున్న, చీలమండ కప్పే బూట్లు వేసుకోండి. రేగు ముల్లు కొక్కెంలా వంగి ఉంటుంది. అది బట్టకు తగులుకుంటే ముందుకు లాగితే చిరుగుతుంది, ఒక అడుగు వెనక్కి వేస్తే దానంతటదే వదులుతుంది.

- మందపాటి నూలు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా. మట్టి రంగు, ఎండుగడ్డి రంగు, ముదురు ఆకుపచ్చ. తెలుపు, పసుపు, ఎరుపు వద్దు
- నడిస్తే గరగరలాడే నైలాన్ జాకెట్ వద్దు
- అంచున్న టోపీ
- నీళ్లు: చలికాలం పూటకు మనిషికి 2 లీటర్లు, ఎండాకాలం 4 లీటర్లు
- ఓఆర్‌ఎస్ పొట్లాలు 3, అరటిపండ్లు, వేరుశనగ ఉండలు
- ముల్లు తీయడానికి సన్నమూతి పట్టకారు, సూది, కట్టు గుడ్డ
- ఒకటిన్నర అడుగుల చదరం మందపాటి గోనెపట్టా, కూర్చోవడానికి
- జేబు నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు (చెమటకు పెన్ను సిరా పాకుతుంది)
- పక్షుల ఫీల్డ్ గైడ్, ఫోన్‌లో ముందే దింపుకున్న ఆఫ్‌లైన్ మ్యాపు
- ఈల

సెంటు, వాసన నూనెలు పూసుకోవద్దు. రాతిచరియల కింద పెద్ద తేనెటీగల పట్టులుంటాయి. ఘాటు వాసన వాటిని రేపుతుంది.

## 5. ముందు రోజు సాయంత్రం

ఒక గంట చాలు. వాచర్‌తో కలిసి వెళ్లి నాలుగు సంగతులు చూసి రండి.

నీళ్లు ఎక్కడున్నాయి? వంకలో చెలమ కావచ్చు, అటవీ శాఖ కట్టిన సాసర్ పిట్ (పళ్లెంలాంటి నీటి తొట్టి) కావచ్చు. చుట్టూ మట్టిలో కొత్త అడుగుజాడలు, తెల్లటి రెట్టలు ఉంటే అది పిట్టలు, జంతువులు వాడుతున్న నీరు అని అర్థం.

పండిన, పూసిన చెట్టేది? మర్రి, జువ్వి, మేడి పండి ఉంటే ఉదయం మొదటి అరగంట అక్కడే.

ఎండ ఎటు? ఉదయం మీరు పడమరకు నడిచేలా దారి పెట్టుకోండి. ఎండ వీపు మీద పడితే పిట్ట రంగులు కనబడతాయి. ఎదురెండలో ప్రతి పిట్టా నల్లపిట్టే.

బండి ఎక్కడ ఆగుతుంది? కాపు వేసే చోటికి కనీసం 200 మీటర్ల ఇవతల ఆపాలి. తలుపులు దబ్బున వేయొద్దని డ్రైవరుకు ముందు రోజే చెప్పండి.

## 6. ఉదయం నడిచే క్రమం

జనవరిలో ఇక్కడ సూర్యోదయం సుమారు 6:40కి, ఏప్రిల్ మధ్యలో 6 గంటలకు. దానికి 30 నిమిషాల ముందు మీరు చోటులో ఉండాలి.

6.1 చీకటి వీడే అరగంట: చెవులతో. కదలకుండా నిలబడి ఏ దిక్కు నుంచి ఏ గొంతు వస్తోందో నోటుబుక్కులో చిన్న వృత్తం గీసి గుర్తు పెట్టండి. మధ్యలో మీరు, చుట్టూ కూతలు. కౌజుల గొంతు ఎటు వినబడిందో, నెమలి ఏ గుట్ట మీద అరిచిందో తెలిస్తే తర్వాతి గంట ఎటు నడవాలో తేలిపోతుంది. పేరు తెలియని కూతకు “బావి గిలక కిర్రుమన్నట్టు, మూడుసార్లు” అని మీ మాటల్లోనే రాసుకోండి. తర్వాత పోల్చుకోవడానికి అదే పనికొస్తుంది.

6.2 మొదటి ఎండ, ఒక గంట: పొదల అంచు. రాత్రి చలికి ముడుచుకున్న పిట్టలు తూర్పు మొహంగా ఉన్న పొదల పైకొమ్మలకు వచ్చి ఎండ కాగుతాయి. పొద నడుమ వెతక్కండి. పై మూడో వంతు చూడండి. పికిలి పిట్టలు, బే-బ్యాక్డ్ ష్రైక్, ఎల్లో-ఐడ్ బ్యాబ్లర్ ఈ వేళలోనే బయటపడతాయి. ఎర్రముక్కు, దాని కొనలో పసుపు ఉన్న సిర్కీర్ మల్కోహా కూడా ఇప్పుడే రెక్కలు విప్పి కూర్చుంటుంది. ఎండెక్కాక అది నేల మీద ఎలుకలా పరుగెత్తి పొదలో దూరిపోతుంది.

నడక లెక్క ఇది: 20 అడుగులు, ఆగడం, నిమిషం వినడం. రెండు గంటల్లో ఒకటిన్నర కిలోమీటరు దాటితే తొందరపడుతున్నట్టే.

కనబడిన పిట్ట వైపు నేరుగా నడవకండి. దాన్ని దాటి పక్కకు పోతున్నట్టు ఏటవాలుగా వెళ్లండి, చూపు దాని మీదే నిలపకండి. మెడ నిక్కించి, ఈకలు ఒంటికి బిగించుకుందంటే ఎగరబోతోందని. అక్కడే ఆగండి. రెండు నిమిషాల్లో అది మళ్లీ మేతలో పడితే ముందుకు వెళ్లొచ్చు, పడకపోతే మీ హద్దు అదే.

6.3 తర్వాతి గంట: రాతిగుట్టల పాదం. పెయింటెడ్ స్పర్‌ఫౌల్ (కోడిలాంటి అడవి పిట్ట), కొండ పొద పిగిలి చూడాలంటే పొదలు, బండలు కలిసే చోటికి వెళ్లాలి. కొండ పొద పిగిలి అంటే పసుపు గొంతు బుల్బుల్. దక్షిణాది రాతికొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఉండదు. గుట్ట ఎక్కక్కర్లేదు. కింద నీడలో కూర్చుని బండల మధ్య పెరిగిన చెట్ల మీద కన్నేసి ఉంచండి. తల, గొంతు పసుపు, తోక కింద పసుపు, కళ్ల చుట్టూ నల్లగీతలు లేని బుల్బుల్ వస్తే అదే.

6.4 తొమ్మిదిన్నర తర్వాత: ఆకాశం. నేల వేడెక్కి గాలి పైకి లేవగానే గద్దలు లేస్తాయి. చెట్టు నీడలో వీపు ఆనించి కొండ అంచు వెంబడి చూడండి. బోనెల్లీ ఈగల్, షార్ట్-టోడ్ స్నేక్ ఈగల్ ఇప్పుడే. ఈ వేళకు 100 మీటర్ల అవతల నేల మీదిదంతా ఎండమావిలో వణుకుతూ కనబడుతుంది. ఫోకస్ సరిగా లేదని చక్రం తిప్పుతూ కూర్చోకండి. తప్పు మీ బైనాక్యులర్‌ది కాదు.

## 7. నీటి కాపు

ఈ అడవిలో ఒక్కటే పద్ధతి నేర్చుకునే తీరిక ఉంటే ఇది నేర్చుకోండి.

నీటికి 15 నుంచి 20 మీటర్ల దూరంలో, గాలి నీటి నుంచి మీ వైపు వీచే పక్కన, వెనుక పొద ఉన్న చోటు ఎంచుకోండి. గాలి జాగ్రత్త పిట్టల కోసం కాదు, వాటితో వచ్చే జంతువుల కోసం. గోనెపట్టా వేసుకుని కూర్చోండి. మోకాళ్లు పైకి, మోచేతులు మోకాళ్ల మీద, బైనాక్యులర్ గడ్డం దగ్గర. చూడాలంటే చెయ్యి నాలుగు అంగుళాలు కదిపితే సరిపోవాలి.

మొదటి 20 నిమిషాలు ఏమీ రాదు. చాలామంది సరిగ్గా అప్పుడే లేచి వెళ్లిపోతారు.

తర్వాత సాధారణంగా గువ్వలు ముందు వస్తాయి. నేరుగా నీటి మీద వాలవు. పక్క చెట్టు మీద వాలి, తొంగి చూసి, నేలకు దిగి, నాలుగడుగులు నడిచి ఆగుతాయి. తల వంచి ముక్కు నీళ్లలో పెట్టి ఎత్తకుండా పీలుస్తాయి. పికిలి పిట్ట అలా తాగలేదు. ఒక చుక్క అందుకుని తల పైకెత్తి మింగుతుంది, మళ్లీ వంగుతుంది. గువ్వలు ధైర్యంగా తాగాయంటే మిగతావాటికి అదే సైగ. కౌజులు పొద అంచున వరసగా నిలబడి, ఒకటి ముందుకొచ్చాక మిగతావి వస్తాయి. ఉన్నట్టుండి అన్నీ గప్‌చుప్ అయి నేలకు అతుక్కుంటే పైకి చూడండి, డేగ దగ్గరలోనే ఉంటుంది.

శాండ్‌గ్రౌజ్‌ల (పావురంలా ఉండే బీడు పిట్టలు) వేళలు వేరు. చెస్ట్‌నట్-బెల్లీడ్ రకం పొద్దెక్కాక, సూర్యోదయానికి రెండు మూడు గంటలకు గుంపుగా వస్తుంది. పెయింటెడ్ రకం బాగా చీకటి పడేటప్పుడు, మళ్లీ తెల్లవారకముందు తాగుతుంది. “ఎనిమిదింటికి వచ్చాం, పెయింటెడ్ కనబడలేదు” అనే ఫిర్యాదుకు కారణం ఇదే.

కాపు హద్దులు:

- ఎండాకాలం ఒకే నీటి దగ్గర గంటన్నర మించి కూర్చోవద్దు. మీకు భయపడి తాగకుండా పోయిన పిట్టకు ఆ చుట్టుపక్కల వేరే నీరు ఉండకపోవచ్చు
- పిట్టలు చెట్ల మీదే ఉండి 15 నిమిషాలైనా దిగడం లేదంటే మీరు మరీ దగ్గరగా ఉన్నారు. 10 మీటర్లు వెనక్కి జరగండి
- గింజలు చల్లి రప్పించడం, రికార్డు చేసిన కూత వినిపించడం వద్దు
- ఇద్దరు ముగ్గురికి మించి ఒక చోట వద్దు

## 8. పోల్చుకోవడంలో తరచూ జరిగే తప్పులు

కోర్సర్లు. ఎండుబీడులో పట్టపగలు పరుగెత్తి ఆగి, పరుగెత్తి ఆగి మేసేది ఇండియన్ కోర్సర్. నెత్తి ఇటుక రంగు, కంటి మీద తెల్లగీత, దాని కింద నల్లగీత. దాన్ని చూసి కలివి కోడి (జెర్డాన్స్ కోర్సర్, చాలా అరుదైన పిట్ట) అని సంబరపడేవాళ్లు ఉన్నారు. కలివి కోడి పొదల మధ్య, రాత్రిపూట తిరుగుతుంది, దాని రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమ పట్టీలు ఉంటాయి. పగలు, ఆరుబయట కనబడిందంటే దాదాపు ఖాయంగా అది కాదు.

భరత పక్షులు. ఇండియన్ బుష్‌లార్క్, జెర్డాన్స్ బుష్‌లార్క్ నిలబడితే కవల పిల్లలే. పాడేటప్పుడు తేడా తెలుస్తుంది. మొదటిది నిటారుగా పైకెగిరి, రెక్కలు పైకెత్తి గొడుగులా దిగుతూ పాడుతుంది. రెండోది ఎక్కువగా చెట్టు కొననో తీగనో పట్టుకుని పాడుతుంది. పాడనప్పుడు “బుష్‌లార్క్” అని రాసి వదిలేయండి.

హ్యారియర్లు. మగవాటిలో మాంటెగ్యూస్‌కు రెక్క మీద అడ్డంగా నల్లగీత ఉంటుంది. పాలిడ్‌కు ఆ గీత ఉండదు, రెక్క కొనలో నల్లటి చీలిక మాత్రం ఉంటుంది. ఆడవి, పిల్లలు ఎగిరిపోతూ రెండు సెకన్లు కనబడితే అనుభవజ్ఞులూ పేరు చెప్పరు. హ్యారియర్లే మీ ఆసక్తి అయితే నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డిభూములు ఇంతకంటే మంచివి. చలికాలం పొద్దుగూకేవేళ అవి గడ్డిలో పడకకు దిగుతాయి. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) మీద ఆశ పెట్టుకుని మాత్రం రోళ్లపాడు వెళ్లకండి.

ఫోన్ చెప్పిన పేరు. కూత విని పేరు చెప్పే యాప్ ఇచ్చేది సూచన మాత్రమే. జెర్డాన్స్ లీఫ్‌బర్డ్ ఒక్కటే నాలుగైదు పిట్టల గొంతులు అనుకరిస్తుంది. కంటితో చూడనిదీ, చెవికి రూఢిగా తెలియనిదీ జాబితాలో వేయకండి.

మట్టిలో జాడలు. బండిదారి పక్క మెత్తటి దుమ్ములో తెల్లవారాక అడుగులు చదవొచ్చు. కౌజు అడుగులో వెనక వేలి గుర్తు కూడా పడుతుంది. మూడు వేళ్లే పడితే వెనక వేలు లేని పిట్ట, అంటే కోర్సర్, థిక్-నీ (పెద్ద కళ్ల బీడు పిట్ట) లాంటిది. కలివి కోడి మీద పరిశోధన చేసినవాళ్లు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి జాడలు చూసింది ఈ లెక్కతోనే. ఆ మూడు వేళ్లు ఎవరివో తేల్చడానికి కొలతలు కావాలి. పక్కన స్కేలు పెట్టి పైనుంచి నిటారుగా ఫొటో తీసి అటవీ శాఖకు ఇవ్వండి.

## 9. చీకటి పడ్డాక

రాత్రి అడవిలోకి వెళ్లే ప్రణాళిక వేయకండి. అనుమతి కాగితం పగటి వేళలకే అనుకుని నడుచుకోండి. ఊరి అంచున, రోడ్డు పక్కన నిలబడి వినడంలోనే బోలెడంత ఉంది.

నైట్‌జార్లను (రాత్రిపూట తిరిగే పిట్టలు) గొంతుతోనే పోల్చుకోవాలి. ఇండియన్ నైట్‌జార్ కూత గచ్చు మీద జారవిడిచిన గోలీ ఎగిరెగిరి, వేగం పెరుగుతూ ఆగినట్టు ఉంటుంది. బండిలో వెళ్తుంటే దారి మధ్య ఎర్రటి నిప్పుకణంలా మెరిసేది దాని కన్నే. వేగం 20కి తగ్గించండి, అది లేచే దాకా ఆగండి.

కలివి కోడి కూత సూర్యాస్తమయం తర్వాత దాదాపు ముప్పావు గంటకు మొదలై, కొద్ది నిమిషాల్లో ముగుస్తుందని నమోదైంది. రెండేసి అక్షరాల కూత, “ట్విక్-టూ… ట్విక్-టూ” అన్నట్టు. విన్నామనిపిస్తే చేయాల్సిన పనులు మూడే: ఉన్నచోటే నిలబడి ఫోన్‌లో రికార్డు చేయడం, వేళ రాసుకోవడం, మర్నాడు డీఎఫ్‌ఓ కార్యాలయంలో ఇవ్వడం. టార్చి వేసుకుని పొదల్లోకి పోవద్దు, కూత తిరిగి వినిపించవద్దు, చోటు పేరు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. ప్రపంచంలో ఈ పిట్ట మిగిలి ఉందని తెలిసింది ఈ చుట్టుపక్కలే.

## 10. ప్రమాదాలు

ఎలుగుబంటి: చిరుతకంటే దీనికే ఎక్కువ భయపడాలి. దానికి తెలియకుండా మనం దగ్గరికి వెళ్లినప్పుడే మీద పడుతుంది. బండల సందుల దగ్గర, రేగుపండ్ల కాలంలో పొదల దగ్గర మౌనం మానేసి మెల్లగా మాట్లాడుతూ నడవండి. దూరంగా కనబడితే పరుగెత్తకుండా, దాని వైపే చూస్తూ వెనక్కి జరగండి.

పాము: రక్తపింజరి ఎండుటాకుల్లో కలిసిపోతుంది. చూడకుండా బండ మీద కూర్చోవద్దు, సందులో చెయ్యి పెట్టొద్దు. కాటు పడితే కోయడం, గట్టిగా తాడు కట్టడం చేయకండి. ఉంగరాలు తీసి, ఆ అవయవం కదలకుండా చెక్కతో కట్టి, వేళ రాసుకుని, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ విరుగుడు మందు ఒకటే కాబట్టి పామును వెతికి చంపి తీసుకెళ్లే పని లేదు.

ఎండదెబ్బ: తలనొప్పి, ఒళ్లు చల్లబడ్డట్టు అనిపించడం, మూత్రం ముదురు పసుపు. ఇందులో ఏ ఒక్కటి కనబడినా ఆ పూట చూడటం అయిపోయింది. నీడ, తడిగుడ్డ, ఓఆర్‌ఎస్, ఇంటిదారి.

దారి తప్పడం: కోనలన్నీ ఒకేలా ఉంటాయి. సిగ్నల్ ఉండదు. తప్పామని తెలిసిన చోటే ఆగి, మూడేసి ఈలలు విడివిడిగా వేయండి.

## 11. రాసుకోవడం

ఇంటికెళ్లాక రాద్దామనుకుంటే సగం ఊహ కలుస్తుంది. ఒక్కో చోటుకు ఒక్కో జాబితా వేసి, మొదలైన వేళ, గడిపిన నిమిషాలు, నడిచిన దూరం తప్పక రాయండి. అవి లేకపోతే ఈబర్డ్‌లో (పక్షుల జాబితాలు చేర్చే వెబ్‌సైట్) పెట్టినా ఆ జాబితా లెక్కలకు పనికిరాదు. అంకెలు కూడా వేయండి. “కౌజులు చాలా” అంటే ఎవరికీ ఏమీ తెలియదు, “కౌజులు 7” అంటే వచ్చే ఏడాదితో పోల్చొచ్చు.

నోటుబుక్కులో ఒక పుట ఇలా ఉంటే చాలు:

> జనవరి, రెండో శనివారం. కొండపాదం, పొద అంచు.
> 6:15–8:20. నడక 1.2 కి.మీ. మబ్బు లేదు, గాలి తక్కువ.
> కౌజు 7 (5 కూత, 2 చూపు). పికిలి పిట్ట 14. పాలపిట్ట 2.
> బే-బ్యాక్డ్ ష్రైక్ 1, రేగు పొద పైకొమ్మ.
> బుష్‌లార్క్ 3, పాడలేదు, జాతి తేలలేదు.
> హ్యారియర్ 1, ఆడది, 2 సెకన్లు. పేరు రాయడం లేదు.